మంచు గింజలు, దురాయి నెలలు

నా పని మంచు చూడటం. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు. చెప్పగానే అవతలివాళ్ళు నవ్వుతారు. నెల్లూరు జిల్లాలో విడవలూరు దాటి, సముద్రం ఒడ్డున, ఎండాకాలంలో ఇసుక మీద కాలు మోపలేని ఊళ్ళో కూర్చుని ఈమె మంచు చూస్తుందట అని. నవ్వుకోనీ. నేను అన్నం తినేది దాని మీదే.

చాలా ఏళ్ళు పడమటి తీరంలో ఒక ప్రయోగశాలలో పనిచేశాను. దక్షిణ ధ్రువంలో మంచు పలకకు నిలువునా బోరు వేసి, పొడుగాటి కడ్డీల్లాగా మంచును బయటికి తీసి, ఓడలో చల్లటి పెట్టెల్లో పెట్టి పంపేవారు. వాటిని చలిగదిలో రంపంతో కోసి, గాజుపలక మీద అతికించి, కాగితమంత పలచన అయ్యేదాకా గీకడం నా పని. నేను ధ్రువానికి ఎన్నడూ పోలేదు. అక్కడి మంచే నా దగ్గరికి వచ్చింది. ఆ గదిలో నా వేళ్ళు చెడిపోయాయి. ఇప్పుడు చల్లటి గ్లాసు పట్టుకున్నా తెల్లబడి మొద్దుబారిపోతాయి. ఇక ఆ గది గుమ్మం తొక్కొద్దన్నాడు డాక్టరు. దాంతో మా ఊరు వచ్చేశాను, మా అన్న ఇంటి మేడమీది గదికి. కోత ఇప్పుడు వేరేవాళ్ళు కోస్తున్నారు, కొలత యంత్రం కొలుస్తోంది. యంత్రానికి అనుమానం వచ్చిన గింజలు మాత్రం బొమ్మలుగా నా కంప్యూటరుకు వస్తాయి. వాటిని నేను తేల్చాలి. అనుమానాలు తీర్చుకునే ఉద్యోగం నా స్వభావానికి సరిగ్గా సరిపోయింది.

గింజలంటే మంచు గింజలే. పైకి ఒకే ముద్దలా కనిపించే మంచు నిజానికి ఒకదానికొకటి అతుక్కున్న గింజల రాశి. పలచటి ముక్కను రెండు ప్రత్యేకమైన గాజుల మధ్య పెట్టి వెలుగులో చూస్తే ఒక్కో గింజ ఒక్కో రంగులో కనిపిస్తుంది. రంగును బట్టి, గాజును తిప్పుతుంటే ఏ గింజ ఎప్పుడు నల్లబడుతుందన్న దాన్ని బట్టి, అది ఎటు తిరిగి ఉందో చెప్పొచ్చు.

ఎటు తిరిగి ఉంటే ఏం? ఈ ప్రశ్న నన్ను మొదట అడిగింది ఏ పెద్ద చదువులవాళ్ళో కాదు, మా పక్కింటి అక్క. ఆమె నాకు సొంత అక్క కాదు. చిన్నప్పుడు ఇద్దరం కలిసి ఒడ్డున ఎండుచేపలకు కాపలా కాసినవాళ్ళం. నాకంటే కాస్త పెద్దది. నేను బడికి, ఆ తర్వాత దూరాలకు పోయాను. ఆమె పక్కింటికే కోడలై ఊళ్ళోనే ఉండిపోయింది. ఆమె భర్త ఇప్పుడు ఊరిపెద్ద. నేను తిరిగొచ్చాక రోజూ పొద్దున రెండిళ్ళ మధ్య గోడ దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. మాట్లాడుకోవడమంటే ఆమె మాట్లాడేది, నేను వినేదాన్ని. ఊళ్ళో ఎవరి పడవకు ఎన్ని చేపలు పడ్డాయి, ఎవరి కోడలు అలిగింది, తన మోకాలు ఏమంటోంది, అన్నీ. ఒకరోజు మేడ మీదికొచ్చి నా కంప్యూటరులో బొమ్మ చూసి, "ఇదేంది చెల్లా, చీర ముక్కల బొంత లాగుండాదే," అంది.

నేను ఆమెకు అప్పడాల దొంతరతో చెప్పాను. ఒక్కో మంచు గింజా ఒక అప్పడాల దొంతర అనుకో. పక్కనుంచి నెడితే అప్పడాలు ఒకదాని మీద ఒకటి ఇట్టే జారతాయి. పైనుంచి నొక్కితే కదలవు. మంచు గింజ లోపల కూడా అలాగే పొరలుంటాయి, పొరల వెంబడి మాత్రమే సులువుగా జారుతుంది.

"మరి ఒక్కో దొంతర ఒక్కో దిక్కున పడుంటే?" అంది.

"అప్పుడు ఒకటి జరగబోతే పక్కది అడ్డం. మొత్తం మంచు గట్టిగా ఉంటుంది, మెల్లగా జరుగుతుంది. పైపైన అట్లాగే ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ పై బరువుకు, అడుగున నేల ఒరిపిడికి, గింజలు కొద్దికొద్దిగా తిరిగి చివరికి అన్నీ ఒకే వైపుకు వస్తాయి. అప్పుడిక మంచు పలక అడుగున దొంతరలన్నీ నిటారుగా పేర్చినట్టే. పక్కకి తేలిగ్గా జారుతుంది. సముద్రం వైపుకి."

"జారి సముద్రంలో పడితే మన ఊరు మునిగిద్దా?"

"రేపే కాదులే. కానీ ఎంత తొందరగా జారుతుందో లెక్క వెయ్యాలంటే గింజలు ఎటు తిరిగున్నాయో తెలియాలి. ఎటు నెట్టినా మంచు ఒకేలా జారుతుందనుకుని వేసిన లెక్కలు తప్పుతాయి."

ఆమె "అబ్బో, మంచుకే ఇన్ని తిప్పలా," అని కిందికి దిగిపోయింది. పొయ్యి మీద పులుసు ఉందట.

అన్న సంగతి చెప్పాలి. వదిన పోయి చాలా కాలమైంది, కూతుళ్ళు అత్తగారిళ్ళలో ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే. అన్న తక్కువగా మాట్లాడతాడు. చేపల గురించి అడిగితే రెండు మాటలు, మిగతా ఏది అడిగినా ఒకటి. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ మౌనం నాకు అలవాటే గనక బరువనిపించేది కాదు. నా మాటల ఆకలి గోడ దగ్గర తీరిపోయేది.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఊళ్ళో ఎవరైనా చనిపోతే ఆ రోజు ఏ పడవా సముద్రం మీదికి పోదు. అప్పటికే పోయినవి తిరిగి రావాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, కానీ పుట్టి బుద్ధెరిగిన ప్రతివాడికీ తెలుసు. ఎండాకాలపు వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగిన కొత్తల్లో ఒకరోజు తెల్లవారుతుండగా ఊళ్ళో ఒక పెద్దాయన పోయాడు. పక్కింటి అక్క భర్తకు స్వయానా చిన్నాన్న. అందరి ఫోన్లూ మోగాయి. సముద్రం మీదున్న పడవలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. కొందరు వలలు సగంలో లాగేసుకున్నారు, కొందరు తేలుబుడ్లు కట్టి వదిలేసి వచ్చారు. మా అన్న ఫోనూ మోగింది. అన్న అప్పుడే వలంతా దించేశాడు. చేప పడుతోందట. నిషేధం తర్వాత మొదటి మంచి వేట. పడవలో పనిచేసే కళాసీలు వెళ్ళిపోదామన్నారు. అన్న, వల పైకి లాగి పోదామన్నాడు.

వల లాగేసరికి ఎండెక్కింది. పడవ ఒడ్డుకు చేరే వేళకు ఇసుక మీదుగా శవాన్ని తీసుకుపోతున్నారు. ఊరంతా వెనక నడుస్తోంది. వాళ్ళ ఎదురుగా మా అన్న పడవ వచ్చి ఆగింది, అంచుల దాకా చేపతో. నేను మేడ మీది నుంచి చూశాను. డప్పు ఆగిపోయింది.  శవాన్ని మోసేవాళ్ళు పక్కకు తిరిగి పడవను చుట్టి వెళ్ళారు. అన్న తలపాగా తీసేసి నీళ్ళలోనే నిలబడ్డాడు. కాస్త ముందొచ్చినా, కాస్త ఆలస్యంగా వచ్చినా ఇంత జరిగేది కాదేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

దినం అయిపోయాక వలలు బాగుచేసే షెడ్డులో పెద్దలు కూర్చున్నారు. కళాసీలు తువ్వాలు నడుముకు చుట్టుకుని, తప్పయిపోయింది అన్నారు. వాళ్ళను వదిలేశారు. అన్నను అడిగారు.

"తప్పు చేసుంటే చెప్పేవాణ్ణి. తప్పు చెయ్యలా," అన్నాడు అన్న. "దించిన వల వదిలేసి ఎట్టా వచ్చేది? ఆయన మీద గౌరవం లేదనా? నాకు తెడ్డు పట్టడం నేర్పింది ఆయనే. ఆయన బతికుంటే వల లాక్కుని రారా అనేవాడు."

అక్క భర్త నెమ్మదిగానే చెప్పాడట. "అది ఆయన అనాల్సిన మాట. నువ్వు అనేది కాదు. ఒక్క మాట అనేసెయ్, అయిపోద్ది."

అన్న అనలేదు. లేచి వచ్చేశాడు. అన్నకు మాటలు తక్కువే గానీ, పంతం మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది.

సాయంత్రం గుడి మైకులో దురాయి చెప్పారు. ఊరి పెద్దలు వేసే కట్టుబాటును మా వైపు దురాయి అంటారు. తుపాను హెచ్చరికలు చెప్పే మైకే అది, అదే గొంతు. మా ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. అంగట్లో సరుకివ్వకూడదు. ఐసు ఫ్యాక్టరీలో ఐసు ఇవ్వకూడదు. మాతో మాట్లాడినవాళ్ళకూ ఇదే దురాయి. నన్ను ఊరి వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. అదొక్కటే ఆ రోజు నాకు నవ్వు తెప్పించింది. ఆ గ్రూపులో పొద్దున్నే వచ్చే పూల బొమ్మల బాధ తప్పిందనుకున్నాను.

మర్నాడు పొద్దున గోడ దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో చెప్పలేను. ఊరికి వర్తించింది గోడకు వర్తించదనుకున్నానేమో. అక్క అవతల బట్టలు పిండుతోంది. "అక్కా," అన్నాను. ఆమె చేతిలో చీర నీళ్ళు కారుతూనే ఉంది. నా వైపు చూసింది. ఒక్క క్షణం పెదవులు కదిలాయి. చీర బకెట్టులో వేసేసి లోపలికి పోయింది.

ఆమె భర్త వేసిన దురాయి. ఆమె మాట్లాడితే అతను ఊళ్ళో తలెత్తుకోలేడు. నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ తగ్గలేదు. బడిలో మార్కులు తగ్గితే ఏడ్వని నేను, చలిగది పని పోయినప్పుడు ఏడ్వని నేను, ఆ పొద్దున మేడమెట్ల మీద కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఈ వయసులో ఒక పక్కింటావిడ పలకరించలేదని ఏడవడం ఏమిటని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ తర్వాత నెలలు అలా గడిచాయి. అంగడికి పోతే అంగడాయన కప్పు వైపు చూసేవాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు. నీళ్ళ క్యాన్ల ఆటో మా గుమ్మం ముందు వేగం పెంచేది. ఉప్పు, పప్పు విడవలూరు నుంచి నేనే తెచ్చుకునేదాన్ని. పక్కింటి చప్పుళ్ళు మాత్రం గోడ ఆపలేకపోయింది. కుక్కరు విజిల్, కోళ్ళ గోల, గిన్నెలు తోమే చప్పుడు. ఆ ఇంట్లోంచి మనుషుల మాట వినిపించడం మాత్రం తగ్గిపోయింది. మాకు వినపడకూడదని గొంతు తగ్గించుకున్నారనుకున్నాను.

అన్న ఒక్కడే చిన్న తెప్ప వేసుకుని పోయేవాడు. కళాసీలు రారు కదా. నేను మేడ మీద బొమ్మలు చూసుకునేదాన్ని. ఇద్దరం చెరొక చోట ఒంటరిగా పని చేసుకుని, రాత్రి ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవాళ్ళం. అన్న మౌనం అప్పుడు మొదటిసారి నాకు బరువనిపించింది.

ఆ నెలల్లో నాకొచ్చిన మంచు చిత్రమైన చోటి నుంచి వచ్చింది. మంచు పలకంతా ఒకే వేగంతో జరగదు. కొన్ని చోట్ల నది లాగా వేగంగా పారే దారులుంటాయి, వాటి పక్కన మంచు దాదాపు నిలబడినట్టే ఉంటుంది. ఆ వేగానికీ ఈ నెమ్మదికీ మధ్య అంచులో మంచు తీవ్రంగా నలుగుతుంది. అక్కడ గింజలు నిలువుకు కాక అడ్డానికి తిరుగుతాయి. నాకొచ్చిన ముక్కలు ఆ అంచులోకి అప్పుడప్పుడే చేరుతున్న మంచువి. అంటే చాలా కాలం నెమ్మది చోట ఉండి, అక్కడి బరువుకు తగ్గట్టు గింజలన్నీ నిలువుకు సర్దుకుని, ఇప్పుడు హఠాత్తుగా పక్కనుంచి వేరే ఒత్తిడిలో పడిన మంచు.

అలాంటి మంచును పైనుంచి చూస్తే గాజుల మధ్య అంతా చీకటి. గింజలన్నీ మన వైపే నిటారుగా చూస్తున్నప్పుడు వెలుగు రాదు, ఎంత తిప్పినా నల్లగానే ఉంటాయి. ఆ నలుపులో ఎక్కడో ఒక గింజ మాత్రం నీలంగానో నారింజగానో వెలుగుతూ కనిపిస్తుంది. మిగతావాటితో కలవకుండా అడ్డంగా తిరిగినది. యంత్రానికి అనుమానం వచ్చేది దాని మీదే. కోతలో పొరపాటా, పగులా, నిజంగానే గింజా అని. అది నిజం గింజో కాదో నేను తేల్చి రాయాలి.

ఇప్పుడు ఇందులోంచి ఊరికీ మనుషులకూ నీతి తీసి చెబుతానని ఎదురుచూసేవాళ్ళుంటారు. మంచులో నీతులు వెతికేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ గింజ పంతం పట్టి అటు తిరగలేదు. దానికి ఎవరి మీదా కోపం లేదు. చుట్టూ ఉన్న గింజల ఒత్తిడి దాని మీద ఎక్కువగా పడుతుంది, కాలక్రమంలో అవి దాన్ని తిప్పేస్తాయి, లేదా కొద్దికొద్దిగా తమలో కలిపేసుకుంటాయి. అంతే. అయినా అన్న తెప్ప దూరంగా ఒక చుక్కలా కనిపిస్తున్న పొద్దుల్లో ఆ బొమ్మల ముందు కూర్చోవడం నాకు కష్టంగా ఉండేది.

ఎవరితోనూ మాట లేక బొమ్మలతో మాట్లాడటం మొదలుపెట్టాను. "నీకేం వచ్చిందే, అటు తిరిగావు," అని పైకే అనేదాన్ని. ఒకరోజు అన్న కింది నుంచి, "ఎవురితో?" అని కేకేశాడు. గొంతులో ఆశ వినిపించింది నాకు. ఊళ్ళోంచి ఎవరో వచ్చారనుకున్నాడు.

"ఎవరూ లేరన్నా. పని," అన్నాను.

"ఓహో," అన్నాడు. వలలు విప్పుకోవడానికి వెనక్కి పోయాడు.

ఐసు లేకపోవడమే అన్నను వంచింది. మా ఊరి ఎండకు చేప నిలవాలంటే ఐసు కావాలి. ఊరి చివర ఫ్యాక్టరీ ఉంది, అక్కడ దిమ్మలు కుప్పలుగా పేర్చి ఉంటాయి. కానీ ఫ్యాక్టరీ అతను చేతులు జోడించేశాడు. "అన్నా, నన్ను ఇరికించబాక. నీకిస్తే రేపట్నుంచి ఎవురూ నా కాడికి రారు," అన్నాడు. అన్న కోవూరు నుంచి ఆటోలో దిమ్మలు తెప్పించేవాడు. నేను వాటికి ఊక చుట్టి, టార్పాలిన్ కప్పి, తాడు బిగించి, నాకు తెలిసిన ఉపాయాలన్నీ చేశాను. దారిలోనే సగం నీళ్ళయ్యేది. మంచు దగ్గరే జీవితం గడిపినదాన్ని, మా అన్నకు ఒక్క నిండు దిమ్మ సంపాదించిపెట్టలేకపోయాను. ఆ సిగ్గు నాకు ఎవరూ అంటగట్టలేదు, నేనే పడ్డాను.

ఒకరోజు అన్నకు మంచి ధర పలికే వంజరం చేప దండిగా పడింది. ఒక్కడే లాక్కొచ్చాడు, చేతులు వాచిపోయి. ఆ రోజు ఆటో రాలేదు. బాడుగ మనిషికి జ్వరమట. ఊళ్ళో కొనేవాళ్ళు లేరు, నెల్లూరికి చేర్చడానికి ఐసు లేదు. నీడలో తడిగోనెలు కప్పి సాయంత్రం దాకా చూశాం. వాసన మొదలైంది. అన్న పార తీసుకుని ఇసుకలో గుంట తవ్వాడు. ఒక్కొక్క చేపనే గుంటలో పెట్టాడు, విసిరెయ్యలేదు. ఊరివాళ్ళు దూరంగా పడవల దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నారు. నేను సాయం పోతే చేత్తోనే వద్దన్నాడు.

దసరా దాటి వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం తువ్వాలు నడుముకు చుట్టుకుని అన్న షెడ్డుకు పోయాడు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

"అనేసొచ్చినా," అన్నాడు.

"ఏమన్నావు?"

"వాళ్ళు అనమన్నది."

అంతకుమించి ఎన్నడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు అన్న చాలా అన్నం తిన్నాడు. ఆకలితో తిన్నట్టు లేదు, ఏదో ఒక పని ఉండాలి కాబట్టి తిన్నట్టుంది.

ఆ సాయంత్రానికే ఐసు ఫ్యాక్టరీ అతను మా గుమ్మంలో దిమ్మలు దించి, "ఏందన్నా, బాగుండావా," అన్నాడు. అంగడాయన కప్పు వైపు చూడటం మానేసి నా మోకాళ్ళ నొప్పి గురించి అడిగాడు, నాకు మోకాళ్ళ నొప్పి లేకపోయినా. మర్నాడు పొద్దున్నే ఫోనులో పూల బొమ్మలు వచ్చాయి. ఊరు ఎంత సులువుగా అటు తిరిగిందో అంత సులువుగా ఇటు తిరిగింది. ఎవరి మనసులోనూ విషం లేదు. ఉంటే బాగుండేదని ఒక్కోసారి అనిపించేది నాకు. కోప్పడటానికి ఒకళ్ళైనా దొరికేవాళ్ళు.

గోడ అవతల నుంచి అక్క పిలిచింది. "చెల్లా! కూరేం చేసినావు?"

నెలల తరబడి నేను ఎదురుచూసిన పిలుపు. నిద్ర లేవగానే అది వినిపించినట్టే ఉండి, నిజం కాదని తెలుసుకున్న పొద్దులు ఎన్నో. తీరా వచ్చేసరికి, "ఏదో చేశాలే," అని లోపలికి వచ్చేశాను. మర్నాడూ పిలిచింది. ఆ మర్నాడూ. ప్రతిసారీ ఒక ముక్క జవాబు చెప్పి తప్పుకునేదాన్ని. కోపమని ఆమె అనుకుని ఉంటుంది. కోపమైతే నాకు తెలిసేది, దానితో నాకు బాగా పరిచయం. ఇది కోపం కాదు. మాట్లాడకుండా ఉండటం సులువైపోయింది. అంతే.

నాకొచ్చిన ముక్కల మీద నేను చివరికి రాసిన నివేదికలో ఒక మాట ఉంది. ఒక ఒత్తిడికి అలవాటుపడి గింజలన్నీ ఒకే వైపు సర్దుకున్న మంచు, ఆ వైపుకు ఎంతో మెత్తగా జారుతుంది. ఒత్తిడి దిక్కు మారితే అదే మంచు మామూలు మంచుకంటే గట్టిగా మొరాయిస్తుంది. పాత బరువు పోయినా పాత సర్దుబాటు పోదు. గింజలు కొత్త వైపుకు తిరగడానికి చాలా కాలం పడుతుంది, ఈలోపు ఆ పాత సర్దుబాటు లేనట్టే మంచు నడుస్తుందని లెక్క వేస్తే ఆ లెక్క తప్పు. ఇది మంచు గురించే రాశాను. ఒట్టు. రాస్తున్నప్పుడు అవతల అక్క కోళ్ళను తరుముతున్న చప్పుడు వినిపిస్తోంది.

కొన్నాళ్ళకు ఆమె గోడ దగ్గరికి కాకుండా మా గుమ్మంలోకే వచ్చింది. "నెల్లూరులో కళ్ళ ఆస్పత్రికి పోవాల. కంటికి పొర వచ్చినట్టుండాది. ఆయనకు ఊరి పని ఉండాదంట. తోడు వస్తావా?" అంది. మామూలుగా అడగలేదు, కొత్తవాళ్ళను అడిగినట్టు అడిగింది. నేను చెప్పులు వేసుకున్నాను.

బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను ఇటు. ఆమె మాట్లాడుతూనే ఉంది. మోకాలు, కోడిపిల్లలు, వానకు కారిన వంటింటి కప్పు. నేను ఊ కొడుతున్నాను. కోవూరు దాటాక ఆమె కూడా ఆపేసింది. బస్సు పెన్నా వంతెన ఎక్కింది. వానలకు ఏట్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి.

"ఇంకా కోపమేనా నా మీద?" అంది, నీళ్ళ వైపు చూస్తూ.

"కోపం లేదు."

"మరి మాట్లాడవేంది?"

నిజంగానే వెతికాను. "రావడం లేదు," అన్నాను. అది జవాబు కాదని నాకే తెలుసు.

ఆమె నా వైపు తిరిగింది. "దురాయి మీ ఇంటికొక్కదానికే అనుకుంటివా? మా ఇంట్లో నాతో మాట్లాడేదెవురు? ఆయన ఊరందరితో మాట్లాడతాడు, ఇంటికొస్తే సెల్లు చూసుకుంటాడు. పొద్దున గోడ కాడ నీతో ఆడే మాటలే నాకు ఆ రోజుకంతా. నీతో మాట్లాడబాక అంటే నన్ను నోరు మూసుకోమన్నట్టేగా. కోళ్ళతో కూడా మాట్లాడలా నేను. ఏం మాట్లాడేది వాటితో?"

బస్సు వంతెన దిగింది. ఆ ఇంట్లోంచి మాట వినిపించకపోతే, మాకు వినపడకూడదని గొంతు తగ్గించుకున్నారనుకున్నాను. ఇన్నాళ్ళూ. గోడకు ఇవతల నేను ఎంత ఒంటరిగా ఉన్నానో చూసుకుంటూ కూర్చున్నాను గానీ, అవతల ఒకామె ఉందని, నాకంటే ఎక్కువగా మాటల మీద బతికే మనిషని నాకు తట్టనే లేదు. నాకు ఆమె మీద జాలి కలగలేదు. నా మీద నాకు అసహ్యం కలిగింది. దాన్ని ఎలా చెప్పాలో తెలియక, దిగేటప్పుడు ఆమె చేతిసంచి నేను పట్టుకున్నాను.

ఆస్పత్రిలో జనం. చాలాసేపటికి పిలిచి ఆమె కళ్ళలో చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని బెంచీ మీద కూర్చోమన్నారు. కాసేపు ఏమీ సరిగ్గా కనబడదన్నారు. ఆమె తల గోడకు ఆనించి కూర్చుంది. కళ్ళ కొసల నుంచి మందు చెంపల మీదికి కారుతోంది. ఒక అమ్మాయి కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది.

"ఈమెతో ఎవరొచ్చారండీ?"

"నేనే."

"మీరేమవుతారు ఆమెకు?"

నోరు దానంతటదే తెరుచుకుంది. "పక్కిల్లు," అన్నాను.

అమ్మాయి రాయబోయింది. అక్క కళ్ళు తెరవలేదు. మొహం మాత్రం ఆ అమ్మాయి గొంతు వచ్చిన వైపు తిప్పింది. "కాదమ్మా," అంది. "చెల్లెలు. అట్టా రాసుకో."

అమ్మాయి కలం ఆపి, ఏది రాయమంటారన్నట్టు నా మొహం వైపు చూసింది. అక్క కళ్ళు మూసుకునే వింటోంది. బెంచీ అంచును గట్టిగా పట్టుకుని ఉంది.

"చెల్లెలే," అన్నాను. మొదటిసారి గొంతు పైకి రాలేదు. రెండోసారి చెప్పాను.